రాతి సవతి

మావారి మనసులో ఇంకొకావిడ ఉందని పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. ఆవిడ పోయి నాలుగు వందల ఏళ్ళయిందని తెలిశాక కూడా నాకు ఊరట కలగలేదు. బతికున్న సవతి అయితే ముసలిదవుతుంది, చిరాకు పడుతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఆయనకే విసుగొస్తుంది. ఈవిడకి ఆ బెడద లేదు.

ఆవిడ నూలు వడికి బతికిన మనిషి. రాట్నం ముందు కూర్చుని, తన లోపల ఉన్నదెవరో తేల్చుకోవాలని పద్యాలు చెప్పుకుందట. ఆవిడ పోయాక, ఆవిడంటే ప్రాణం పెట్టేవాళ్ళు వాటిని రాతి పలకల మీద చెక్కించి ఊరి చివర ప్రార్థనశాలలో నిలబెట్టారు. తర్వాత యుద్ధాలొచ్చాయి. పైకప్పు పోయింది, పలకల్లో సగం పోయాయి. మిగిలినవాటికి అచ్చులు తీసి, చదివి, పుస్తకం రాయడం మావారి పని. ఆయన శాసనాల ఆఫీసులో ఉద్యోగి. జీతం ఇచ్చేది ఆఫీసు, జీవితం తీసుకున్నది ఆవిడ.

అచ్చు తీయడమంటే, రాయిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. కాస్త ఆరాక సిరా ముంచిన గుడ్డ మెత్తతో అద్దాలి. కాగితమంతా నల్లబడి, సిరా తగలని చోట అక్షరం తెల్లగా మిగులుతుంది. ఆ కాగితాలు ఆరేది మా ఇంట్లో, నా బట్టల తీగ మీద. నా బట్టలు మాత్రం కుర్చీల మీద. ఆ కాగితాల కింద నుంచి వంగి వంగి తిరిగి ఆ పాత లిపి నాకూ వచ్చేసింది. పగవాళ్ళ గుట్టు తెలియాలంటే వాళ్ళ రాత చదవక తప్పదు కదా.

భోజనం చేస్తూ చేస్తూ ఆయన చెయ్యి ఆపి, నా ముఖంలోకి చూసి నవ్వేవారు. మొదట్లో మురిసిపోయాను. ఒకసారి "ఏంటండీ?" అని అడిగితే, "మూడో పాదంలో ఆ మాట ఎందుకు వేసిందో ఇప్పుడు తట్టింది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను చూస్తూ ఇంకొకరిని చూసే మొగుడితో కాపురం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పుకోను? చెప్పినా నవ్వుతారు. రాయితో పోటీ ఏమిటే అంటారు.

పుస్తకం పూర్తి కావచ్చింది. ఒక్క పద్యం దగ్గరే ఆగింది. దానికి మూడు పాదాలే ఉన్నాయి.

ఎవరిని చూసి నవ్వుతావు, నా కళ్ళలోకి చూస్తూ?
ఎవరామె, నాకు తెలియకుండా నాలో కాపురమున్నది?
ఇల్లంతా వెతికాను దీపం పట్టుకుని, పళ్ళు కొరుకుతూ.

నాలుగో పాదం యుద్ధాల్లో విరిగిపోయిందని ఆయన నిర్ణయం. పద్యంలోని 'ఆమె' అంటే అజ్ఞానమని, కవయిత్రి ఆమెను ఇంట్లోంచి తరిమేసి ఉంటుందని అధ్యాయమంతా రాశారు. అది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పళ్ళు కొరికే ఆడదానికి అజ్ఞానం మీదా కోపం? ఎదురుగా ఉన్నవాడు తనలో ఎవరిని చూసి నవ్వుతున్నాడోనని కుళ్ళు. ఆ కుళ్ళు నాకు తెలుసు. అయినా సవతి తరఫున నేనెందుకు మాట్లాడాలని ఊరుకున్నాను.

అంతలో ఆయన మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆ పద్యం ఉన్న పలకను మ్యూజియానికి తరలించి, గోడలో సిమెంటు పెట్టి బిగించేస్తామని కబురొచ్చింది. ప్రెస్సువాడేమో పాత అచ్చు వెలిసిపోయింది, కొత్తది కావాలన్నాడు.

"నువ్వు వెళ్ళి తీసుకురావా?" అన్నారు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"నేనా? ఆవిడ దగ్గరికా?"

"ఇంకెవరు చేస్తారు? చూసీ చూసీ నీకు వచ్చేసిందిగా."

ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. బకెట్టు, బ్రష్షులు పట్టుకుని బయల్దేరాను.

ప్రార్థనశాల కాపలాదారు తలుపు తీసి, "కానివ్వండమ్మా, బయట కూర్చుంటా" అని వెళ్ళిపోయాడు. ఎన్నాళ్ళ నుంచో స్తంభానికి ఆనుకుని ఉన్న పలకను తరలించడానికి కిందికి దించి చెక్కల మీద పడుకోబెట్టారు. ఇంతేనా ఈవిడ అనిపించింది. మా వంటగట్టు కంటే చిన్నది.

బ్రష్షు తీసుకుని కడిగాను. కడగడం కాదు, కడిగిపారేశాను. ఇన్నేళ్ళ నా కడుపుమంటంతా ఆ రాయి మీద చూపించాను. "నా తీగ నీకే కావాలి, నా మొగుడు నీకే కావాలి" అని పైకే అన్నాను. స్తంభానికి ఆనిన పక్క అంచు మీద సున్నం గట్టిగా పేరుకుపోయి ఉంది. అక్కడ అచ్చుతో పనిలేదు, కానీ మురికి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అదీ రాలగొట్టాను. కాగితం కొలత చూసుకోకుండా పెద్దది కోశాను. మిగిలిన కొసను, పరుపు మీద దుప్పటి దోపినట్టు, అంచు చుట్టూ దోపి దాన్నీ కొట్టాను. ఆయన చూస్తే తిట్టేవారు.

సిరా అద్దుతూ అంచు దాకా వచ్చేసరికి అక్కడా తెల్లటి గీతలు లేచాయి. ఏదో పగులనుకున్నాను. మళ్ళీ అద్దాను. అక్షరాలు. మెడ పక్కకి వంచి కూడబలుక్కుని చదివాను.

దీపం పట్టుకున్న చెయ్యి ఆమెదే.

ఇంకోసారి చదివాను. ఇల్లంతా వెతికి, ఆఖరికి తన చెయ్యే చూసుకుంది పిచ్చిది. ఎవరి మీద పళ్ళు కొరికిందో ఆమే తను. నా చేతుల వైపు చూసుకున్నాను. మోచేతుల దాకా సిరా. ఏళ్ళ తరబడి మనసులో ఈ రాతి చుట్టూ తిరిగిన ఆడది ఎవరు? ఆవిడ అక్షరాలు నేర్చినది, ఆవిడ కుళ్ళును వినగానే గుర్తుపట్టినది? ఆమెతో నాకు పరిచయమే లేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఏడుపు ఆగాక పాత బుద్ధి మళ్ళీ తలెత్తింది. ఈ కొస చింపేస్తే చాలు. పలక గోడలోకి పోతుంది, అంచు సిమెంటులోకి పోతుంది. ఆయనకి ఎప్పటికీ దక్కనిది నా ఒక్కదానికే ఉంటుంది. కాగితం కొస వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చింపడానికి చెయ్యి రాలేదు. ఆయన కోసం కాదు. ఆవిడ చివరి మాట వినిపించింది నాకు, నా చేత్తో నేనే ఆవిడ నోరు ఎలా మూస్తాను?

ఇంటికొచ్చి కాగితం పరిచాను. ఆయన అంచు మీద మడత చూసి విసుక్కోబోయి ఆగిపోయారు. పెదవులు కదిలాయి. రెండోసారి చదివి కుర్చీలో వెనక్కి వాలారు. సంతోషిస్తారనుకున్నాను. ముఖం మాడిపోయింది.

"ఇన్నేళ్ళు తిరిగాను. నాకు కనిపించలేదు" అన్నారు. "నీకు కనిపించింది."

"అప్పుడు స్తంభం అడ్డం కదండీ."

"అది కాదు. నీకే ఎందుకు చెప్పింది?"

ఆ కళ్ళలోని కుళ్ళు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళు అద్దంలో చూసుకున్నదే. నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. ఈసారి మూడో పాదం కోసం కాదు.

కాసేపటికి అధ్యాయం కాగితాలు ముందుకు లాక్కున్నారు. "అంతా తప్పు రాశాను. ఇప్పుడేం చెయ్యను?"

"ముందు 'ఆమె అంటే అజ్ఞానం' అన్న ముక్క కొట్టెయ్యండి."

"ఎలా కొట్టను? చెయ్యి లేదుగా."

"నాకుందిగా" అన్నాను.

ఆయన కలం తీసుకుని, సిరా చేత్తోనే, ఆ వాక్యం అడ్డంగా కొట్టేశాను.