తూము మీది శిలాఫలకం

మా ఆయనకు వాగంటే పొరుగింటి మనిషి. ఎగతాళికి అంటున్న మాట కాదు, ఆయన రాసిన పుస్తకంలోనే ఉంది. హనుమకొండలో కాలేజీ పిల్లలకు ఫిలాసఫీ చెప్పి రిటైరైన ఇస్సాకు గారంటే ఊళ్లో చాలామందికి పర్యావరణ తాత్వికుడు. నోరు లేనివాటి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి, ప్రతి మీటింగులో వాగుకొక ఖాళీ కుర్చీ వెయ్యాలి అని వాదించేవాడు. మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూడా అలాంటిదొకటి వేయించాడు. నేను దవాఖానాలో నర్సు డ్యూటీ చేసి అలిసిపోయి వచ్చి, ఉతికిన బట్టలన్నీ ఆ కుర్చీ మీదే పడేసేదాన్ని. వాగు ఎప్పుడూ ఏమీ అనుకోలేదు.

ఆయన చెప్పినవాటిలో నా బుర్రకు బాగా ఎక్కింది ఒకటే. ఎండాకాలం వాగు ఎండితే ఆ జాగా ఖాళీ అయినట్టు కాదట. ఇంటివాళ్లు ఊరికి పోయారని తాళం పగలగొట్టి మనం కాపురం పెడతామా అని అడిగేవాడు. మా కూతురు కీర్తన, అల్లుడు మడికొండలో ప్లాటు తీసుకున్నప్పుడూ అదే అడిగాడు. మా చర్చి గోడకు దిగువన, పాత వాగు దారిలో లేచిన కాలనీ అది. అందరూ కట్టుకుంటున్నారు కదా మామయ్యా అని అల్లుడు నవ్వేశాడు. ఇల్లు లేచింది. గృహప్రతిష్ఠకు పోయి, ప్రార్థన చేసి, బిర్యానీ తిని వచ్చాం. కన్నతండ్రి మాత్రం ఎంతకాలమని మొహం ముడుచుకుంటాడు!

కింది గదిలో కీర్తన మగ్గం వర్కు షాపు పెట్టింది. ఈ శ్రావణంలో పెళ్లిళ్ల పని నిండా వచ్చింది. ఎవరెవరివో పట్టుచీరలు, సగం కుట్టిన జాకెట్లు ఆ గదిలోనే ఉన్నాయి. అల్లుడు ఉద్యోగం పని మీద హైదరాబాదులో ఉన్నాడు.

ముందురోజు సాయంత్రం పట్టిన వాన తెల్లవారినా వదల్లేదు. ఎల్లస్వామి తడిసి ముద్దయి, చేతిలో గడ్డపారతో మా గేటు ముందు నిలబడ్డాడు. చర్చికి ఎగువన రేకుల ఇళ్ల వరుసలో ఉంటాడు, తాపీ పనికి పోతాడు. వాళ్ల అమ్మ చిలుకమ్మకు పక్షవాతం. ఆమె వీపు పుండ్లకు కట్టు కట్టేది నేనే.

"సార్, చర్చిల నీళ్లు ఆగి మా ఇండ్లకు మల్లుతాన్నయ్. పిల్లలను రేకుల మీదికి ఎక్కిచ్చినం. మా అవ్వ మంచం మీదనే ఉన్నది" అన్నాడు.

గల్లీలో నడుము లోతు ప్రవాహమట. మంచం ఎత్తబోయి ఇద్దరు పడిపోయారట, వాళ్లను తాడు వేసి లాగారట. చెప్తుంటే అతని దవడలు కొట్టుకుంటున్నాయి. చర్చిలో నీళ్లెందుకు ఆగుతాయి, దిగువ గోడకు తూము ఉంది కదా అంటూ ఆయన గొడుగు కూడా లేకుండా బయలుదేరాడు. గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి. తిట్టుకుంటూ నేనూ వెనకాల పడ్డాను.

చర్చి ఆవరణ చెరువైపోయింది. గుట్ట మీది నీళ్లన్నీ అక్కడికే వచ్చి, దిగువ గోడకు తగిలి, పోవడానికి దారి లేక వెనక్కి తన్నుతున్నాయి. మేం రోడ్డు మీదుగా చుట్టి దిగువ గోడ బయటి పక్కకు వెళ్లాం. తూము ఉండాల్సిన చోట నల్లటి గ్రానైటు శిలాఫలకం మెరుస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. పోయిన క్రిస్మస్‌కు ప్రహరీ బాగు చేయించారు. ఆరాధన జరుగుతుంటే తూములోంచి పందులు లోపలికి వస్తున్నాయని స్త్రీల సమాజం వాళ్లు ఎప్పటినుంచో గొడవ. దాతల పేర్లతో శిలాఫలకం పెట్టాలి, రోడ్డుకు కనబడాలి, పందులూ ఆగాలి. సంఘపెద్దలు ఒక్క రాయితో అన్ని పనులూ చక్కబెట్టారు. గౌరవ సలహాదారు, పర్యావరణ తాత్వికుడు అని మా ఆయన పేరు అన్నిటికంటే పైన చెక్కించారు. పరదా లాగింది కూడా ఆయనే. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, కేకు పెట్టారు. రాయి వెనక ఏముందో ఎవరూ అడగలేదు, వాగు తరఫున మాట్లాడే మనిషితో సహా.

"నేనే గదా దీనా, పరదా గుంజింది" అన్నాడు నా వైపు తిరిగి. ఆ గొంతు విని నాకు తిట్టబుద్ధి కాలేదు.

ఎల్లస్వామి చేతిలో గడ్డపార ఉంది. కొట్టు అన్నాడు ఈయన. ఎల్లస్వామి కదల్లేదు. అది మీ చర్చి రాయి, మీ దేవుని పేరు, మీ అందరి పేర్లు ఉన్నాయి, నేను కొడితే రేపు నన్నేమంటారు, మొదటి దెబ్బ మీరు వెయ్యండి సార్ అన్నాడు. అన్యాయమేమీ లేదు ఆ మాటలో. పాస్టరు గారు ఊళ్లో లేరు. సంఘం తరఫున అక్కడున్నది మా ఆయనే.

ఆయన గడ్డపార తీసుకుని ఎత్తాడు. ఎత్తినవాడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను. వాలు కింద, తిన్నగా, కీర్తన ఇల్లు. వాన తెరలోంచి గులాబీ రంగు గోడ కనబడుతోంది. రాయి పగిలితే ఆవరణలో ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా పోయేది ఆ గుమ్మంలోకే.

"బిడ్డకు ఫోన్ చెయ్యి. పైకి పొమ్మను" అన్నాడు.

చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. ఎంత మోగినా అంతే. అల్లుడి ఫోను స్విచాఫ్. ఇంట్లో ఉందా, పడుకుందా, కింద షాపులో ఉందా? ఉరికి పోయి చెప్దామంటే వాలంతా జారుడు బురద, రోడ్డు చుట్టి పోవాలి, ఆ లోపల ఇక్కడ ఏమవుతుందో తెలియదు. నిజం చెప్పాలంటే ఆయన కొట్టకూడదనే అనుకున్నాను. ఆ క్షణంలో నాకు చిలుకమ్మ లేదు, ఎవరూ లేరు, నా పిల్ల ఒక్కతే ఉంది.

గోడ అవతల నుంచి ఆడవాళ్ల అరుపులు వచ్చాయి. ఎల్లస్వామి గోడెక్కి, అవతలివాళ్లను కేకేసి అడిగి, అవ్వ మంచం తేలుతోందట అన్నాడు. గోడ మీదే కూలబడి ఏడ్చాడు.

మా ఆయన మాత్రం గడ్డపార దించి మాట్లాడటం మొదలుపెట్టాడు. పై వరుస ఇటుకలు మెల్లగా తీస్తే నీళ్లు కొద్దికొద్దిగా పోతాయన్నాడు. ఫైరింజను వాళ్లకు ఫోను చేద్దామన్నాడు. చేశాం, వేరే కాలనీలో ఉన్నాం, వస్తాం అన్నారు. అయితే జర ఆగుదాం అన్నాడు. ఒక ప్రాణాన్ని ఇంకో ప్రాణంతో తూచే హక్కు మనిషికి ఎక్కడిది అన్నాడు. పెళ్లయినప్పటినుంచి ఆ నోటి మాటలు వింటున్నదాన్ని. ఏది ఆలోచనో, ఏది భయమో నాకు తెలుసు. నీళ్లు పెరుగుతున్నంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉంటాడు.

నా చేతులకు చిలుకమ్మ వీపు గుర్తొచ్చింది. పక్కకు ఒత్తిగిలనైనా లేని మనిషి. నీళ్లు ముక్కు దాకా వచ్చినా అట్లాగే చూస్తూ ఉంటుంది.

నేను అటు తిరిగి ఫోను చెవికి పెట్టుకున్నాను. మోగుతూనే ఉంది. ఆ మోతలోకే గట్టిగా మాట్లాడాను. "ఆఁ బిడ్డా, పైకి పోయినవా? మంచిగైంది. కిందికి దిగకు." ఫోను పెట్టేసి ఆయన వైపు తిరిగాను. "పైన ఉన్నదట. కొట్టు."

కొట్టాడు. ఆ దెబ్బకు ఆయన పేరే ముందు పగిలింది. ఎల్లస్వామి దూకి వచ్చి గడ్డపార అందుకుని కసిగా పొడిచాడు. రాయి విరిగి, ఎర్రటి నీళ్లు దాన్ని ముక్కలతో సహా ఎత్తుకుపోయాయి. అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. గోడ లోపల మట్టం చూస్తుండగానే దిగింది. ఎల్లస్వామి వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తాడు. కాసేపటికి అవతల నుంచి, ఉన్నది సార్, అవ్వ ఉన్నది అని కేక వినబడింది. మా ఆయన మొహం కడిగినట్టు తేటపడే ఉంటుంది.

అది చూడటానికి నేను ఆగలేదు. అప్పటికే చెప్పులు వదిలేసి రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. బిడ్డ పైన ఉన్నదన్నవ్ గదా, ఎటు ఉరుకుతానవ్ అని ఆయన వెనక నుంచి అరుస్తున్నాడు.

కీర్తన ఇంటి గేటు పడిపోయి ఉంది. షాపు షట్టరు లోపలికి వంగిపోయింది. పట్టుచీరలు బురద నీళ్లలో తేలి గోడకు అతుక్కున్నాయి. పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. మెట్ల మలుపులో కూర్చుని ఉంది. జుట్టు నిండా బురద, పాదం తెగి నెత్తురు కారుతోంది, ఒళ్లో జాకెట్ల మూట.

నేను కొంగు చించి పాదం పట్టుకున్నాను. లోతుగానే తెగింది, కుట్లు పడాలి. అది ఏడవకుండా చెప్పుకుపోయింది. పొద్దున్నుంచి చీరలు పైకి మోస్తోందట. సగం మోసిందట. ఒక్కసారిగా నీళ్లు వచ్చి మగ్గంతో సహా గోడకు కొట్టాయట, మెట్ల రెయిలింగు పట్టుకుని వేలాడిందట.

"జరసేపైతే అన్ని పైకి తెస్తుంటి మమ్మీ. గోడ కూలిందా?"

అప్పుడే ఆయన రొప్పుతూ వచ్చాడు. "నేనే కొట్టిన బిడ్డా. నువ్వు పైన ఉన్న అన్నవ్ గదా మీ మమ్మీతోని."

"నేను ఎవ్వలతోని మాట్లాడలే డాడీ. ఫోన్ పైన చార్జింగుల ఉన్నది."

ఆయన నా వైపు చూశాడు. నేను తల ఎత్తకుండా కట్టు కడుతూనే ఉన్నాను.

"అబద్ధమాడిన" అన్నాను. "ఆడకపోతే కొడుతుంటివా?"

వాన పడుతూనే ఉంది. ఆయన కూతురి పాదం చూశాడు, వంగిన షట్టరు చూశాడు. ఇంకెవరూ వినకూడదన్నట్టు చిన్నగా అన్నాడు.

"కొట్టకపోతుంటి."

కీర్తన ఆయన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత నా చేతుల్లోంచి పాదం వెనక్కి తీసుకుంది.