సీడీని చూపించిన ఫ్లాపీ

నేను ఒక ఫ్లాపీని. నల్లటి ప్లాస్టిక్ చొక్కా, దానికో చిన్న రేకు తలుపు, లోపల ఉల్లిపొరంత పలుచని చక్రం, అంతే నా ఆస్తి. కాకినాడలో కంప్యూటర్లు బాగుచేసే షరీఫ్ చేతికి వచ్చేనాటికి నా కడుపులో ఎవరిదో పెళ్లి శుభలేఖ ఉండేది. అతను దాన్ని క్షణంలో తుడిచేశాడు. సకుటుంబ సపరివారంగా రమ్మని పిలిచేదీ ఈ మనుషులే, పని కాగానే చెరిపేసేదీ వీళ్లే!

అంధ బాలికల బడిలో కొత్తగా వచ్చిన బ్రెయిలీ అచ్చుయంత్రాన్ని నడిపే పాత కంప్యూటర్ పడకేసింది. మర్నాడే పరీక్ష. ప్రశ్నపత్రాలు అచ్చుకావాలంటే సీడీలో ఉన్న ప్రోగ్రాములన్నీ కంప్యూటర్లోకి మళ్లీ ఎక్కించాలి. ఆ ముసలిదానికేమో తనకొక సీడీ డ్రైవ్ ఉందన్న సంగతే గుర్తులేదు. ఫ్లాపీ పెడితే తప్ప కళ్లు తెరవదు. షరీఫ్ దాన్ని లేపే ఫైళ్లు నాలో నింపి లోపలికి తోశాడు. లేచింది గానీ, సీడీ జాడ లేదు.

"ఎప్పుడూ చూపున్నవాళ్లెవరో ప్రశ్నలు చదివి వినిపించేవాళ్లు బాబూ. ఈసారి సొంతంగా చదువుకుంటామని పిల్లలు ఎంత సంబరపడుతున్నారో!" అన్నారు విమలాబాయి టీచరు. ఆమెకూ చూపు లేదు.

షరీఫ్ నాలుక కరుచుకున్నాడు. "ఆయ్, కంగారు పడకండి మేడమ్. డ్రైవర్ ఎక్కించడం మర్చిపోయానండి."

కొట్టుకు పరుగెత్తి, సీడీ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేసే ప్రోగ్రాములు నాలో పెట్టి, లేవగానే వాటిని పిలవమని రెండు ముక్కలు రాశాడు. తిరిగొచ్చి మళ్లీ నన్ను తోశాడు. ముసలిది గరగరమంటూ నన్నంతా చదివింది. పక్కనే ఏదో సన్నగా తిరగడం మొదలైంది.

"తిరుగుతోంది!" అన్నారు టీచరు, షరీఫ్ తెర వంక చూసేలోపే.

నా ఒళ్లు పులకరించింది. నాలాంటివాళ్లం వందలమంది చేరితే గాని ఆ సీడీ అంత కాము. అంతటిదాన్ని నేనా నిద్రలేపింది!

మర్నాడు పరీక్ష గదిలో ఒక్క గొంతూ వినబడలేదట. కాగితాల మీద వేళ్లు కదిలే చప్పుడు మాత్రమేనట. టీచరు షరీఫ్‌కు చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే మందపాటి కాగితం మీద బ్రెయిలీ చుక్కలు పొడిచి నా వీపుకు అంటించారు. 'సీడీని చూపించేది' అని.

ఇప్పుడు నన్ను పెట్టడానికి ఈ బడిలో ఒక్క కంప్యూటరూ లేదు. నా లోపలి రాత కూడా ఈపాటికి చెదిరిపోయే ఉంటుంది. బీరువా సర్దే పిల్లలు మాత్రం నన్ను చేతిలోకి తీసుకుని, వీపు తడిమి, పేరు పైకి చదివి, జాగ్రత్తగా మళ్లీ పెడతారు. ఏ కంప్యూటరూ చదవని నన్ను వాళ్లింకా చదువుతూనే ఉన్నారు.