చాపిన కొంగు

బోధన్‌లో బస్సు దిగి, చెరకు తోటల మధ్య ఆటోలో వస్తున్నంతసేపూ ప్రేమ్ నోరు మెదపలేదు. లేకపోతే వాగుడుకాయ. అందుకే ఝాన్సీకి గుండెల్లో గుబులు. తెనాలి పిల్ల. తల్లి లేదు. ఈ పెళ్లి చేసుకున్నాక తండ్రి ఫోను ఎత్తడం మానేశాడు. మిగిలింది ఈ అత్తగారిల్లే, ఇదీ కాదంటే ఇంకెక్కడికి పోతుంది?

కాదనడానికి ప్రేమ్ తల్లి సాయవ్వకు కారణముంది మరి. తమ్ముడు ముత్తన్న కూతురు ఉయ్యాలలో ఉన్నప్పుడే, అది నా కోడలని అనుకున్న మనిషి ఆవిడ. కొడుకేమో విజయవాడలో ఉద్యోగమని వెళ్లి, అక్కడే రిజిస్టరు పెళ్లి చేసుకుని ఫోనులో చెప్పాడు. ఇక తమ్ముడి ముఖం ఎలా చూడాలి?

ఆ రోజు పుట్టింటికొచ్చిన ప్రేమ్ చెల్లెలు పుష్పలతకు ఒడిబియ్యం పోస్తున్నారు. పదిమందిలో అమ్మ వెళ్లగొట్టదులే అని ప్రేమ్ ధైర్యం చేశాడు. సాయవ్వ వెళ్లగొట్టలేదు, లోపలికీ రానివ్వలేదు.

"మా తమ్ముడు రమ్మంటెనే గడప దాటుండ్రి. లేకుంటె వచ్చిన తొవ్వనే పోండ్రి."

ముత్తన్న పందిరి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎటో చూస్తూ బీడీ ముట్టించాడు.

పందిరి కింద పుష్పలత పీట మీద కూర్చుని కొంగు పట్టింది. ముత్తన్న భార్య ప్రమీలమ్మ పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు దోసిళ్లతో ఆ కొంగులో పోసింది. చూస్తుంటే ఝాన్సీకి అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

పుష్పలత లేవగానే పక్కింటి ముసలమ్మ కేకేసింది. "ఇంకెవ్వరన్న ఆడబిడ్డలున్నరా? వచ్చి కూసోండ్రి!"

తెనాలిలో ఆడబిడ్డ పుట్టిందంటే ఆడపిల్ల పుట్టిందని. నన్నే పిలుస్తున్నారనుకుంది పిచ్చిపిల్ల. గబగబా వెళ్లి పీట మీద కూర్చుని కొంగు చాపింది.

ఈ ఊళ్లో ఆడబిడ్డ అంటే ఆ ఇంట్లో పుట్టిన కూతురు. ఒడిబియ్యం పుట్టింటివాళ్లే పోస్తారు. అత్తగారింట్లో కొంగు పట్టిన కోడలిని ఎవరూ చూసి ఎరగరు.

"ఓ పిల్లా, నువ్వు గీ ఇంటి ఆడబిడ్డవైతే, మరి ప్రేమ్ నీకేమైతడే? అన్ననా?" అంది ముసలమ్మ.

ఘొల్లున నవ్వులు. సాయవ్వ మాత్రం నవ్వలేదు. ప్రేమ్ ముఖం కందగడ్డలా అయింది. "లే ఝాన్సీ. పోదాం."

ఝాన్సీ ముసలమ్మ వైపు తిరిగింది. "తెలీక కూర్చున్నానండీ. మా అమ్మ లేదు కదా, ఇక్కడ ఎవరైనా పోస్తారేమో అనుకున్నా. లేస్తానండీ" అని కొంగు ముడవబోయింది.

"ఆగు!"

ప్రమీలమ్మ గొంతు అది. బియ్యం పళ్లెం ఆమె చేతిలోనే ఉంది. ఎవరి కూతురి సంబంధం తప్పిపోయిందో ఆ తల్లి! ఇప్పుడేమంటుందోనని అందరూ మెడలు చాచారు. ఆమె ఝాన్సీని చూసింది, చాపిన కొంగును చూసింది, ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"సాపిన కొంగు ఉత్తగ ముడుస్తదా ఆడిపిల్ల? నువ్వేమంటవ్?"

ముత్తన్న బీడీ నేలకేసి రుద్దాడు. తలెత్తినప్పుడు ఝాన్సీని కాదు, అక్కను చూశాడు.

"నా బిడ్డనే కోడలు కావాలంటివి గదక్కా. పొయ్యి ప్రమీలా, మన బిడ్డనుకొని పొయ్యి. గప్పుడు ప్రేమ్‌గాడు దీనికి అన్నెందుకైతడు? బావ అయితడు."

"గట్లయితె సక్కగ కుదిరింది పో!" అంది ముసలమ్మ.

కొంగు బరువెక్కుతుంటే ఝాన్సీ ఏడుపు ఆపుకోలేకపోయింది. సాయవ్వ వచ్చి ఆమె రెక్క పట్టి లేపింది.

"నా తమ్ముని బిడ్డ బయట కూసుంటదా? లోపటికి రాయే."

ప్రేమ్ కూడా వెనకే అడుగేశాడు. సాయవ్వ గడప మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు గాడనే నిలబడు. ముందుగాల మామ కాళ్లు మొక్కి రా."