మెలకువలో పడిన దెబ్బ

ముందు ఎడమ చెయ్యి. బిగుసుకున్న చేతికి ముందు తొడగాలి, కాస్త మాట వినే చేతికి తర్వాత. ఈ వరస తప్పితే చొక్కా సగంలో ఇరుక్కుంటుంది, మళ్లీ మొదటికి రావాలి. ఆ చేతిని వంచితే ఒకేసారి వంగదు. ఆగి, కొంచెం కదిలి, మళ్లీ ఆగుతుంది. తర్వాత గుండీలు. గుండీలు పెడుతున్నంతసేపూ నా ముఖం ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. ఇన్నేళ్ల కాపురంలో పట్టపగలు నా మొగుడి ముఖాన్ని అంత దగ్గర్నుంచి చూడటం ఇప్పుడే. తీరా చూద్దామంటే అందులో ఏమీ మిగల్లేదు. నవ్వొచ్చినా, విసుగొచ్చినా లోపలే ఆగిపోతుంది. రెప్పలు కూడా ఎప్పుడో గుర్తొచ్చినట్టు పడతాయి.

“పైది వదిలెయ్,” అన్నాడు.

“ఏంటండీ?”

“పైది.”

దిండు కింద నుంచి మాట్లాడుతున్నట్టుంటుంది ఆ గొంతు. రెండోసారి అడిగించుకోవడం ఆయనకు చిరాకు. చిరాకని నేను అనుకోవడమే. ఒకప్పుడు ఆ కనుబొమ్మ ఎటు లేస్తే ఇల్లంతా అటు తిరిగేది. గేటు చప్పుడుని బట్టి ముఖం ఎలా ఉండబోతోందో చెప్పేదాన్ని, ముఖాన్ని బట్టి ఆ పూట ఏం మాట్లాడకూడదో తేల్చుకునేదాన్ని. నా తెలివంతా ఆ విద్యకే ఖర్చయింది. ఇప్పుడా విద్యకి పనిలేదు. రోగం ఆయన ముఖంతో పాటు నా తెలివిని కూడా తీసుకుపోయింది.

పొద్దుటి మాత్ర పనిచేయడం మొదలైతే గదిలో బాగానే నడుస్తాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. పాదాలు నేలకి అతుక్కుపోతాయి, పై ఒళ్లు మాత్రం ముందుకు వెళ్లాలని చూస్తుంది. మొదట్లో చెయ్యి పట్టుకుని లాగేదాన్ని, ఇద్దరం కలిసి పడేవాళ్లం. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి నేర్పింది. “లాగొద్దు ఆంటీ, తొయ్యొద్దు. అలవాటుగా నడిపించే దారి మెదడులో మూసుకుపోయింది. దాటాల్సింది ఏదైనా కంటికి కనిపిస్తే వేరే దారిలో వెళ్లి కాలు లేపుతుంది. మీ పాదం ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టండి, చాలు.” పెట్టాను. ఏ జబ్బూ లేనివాడిలా నా పాదం దాటి అవతలి గదిలోకి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

“పెళ్లైన దగ్గర్నుంచీ అడ్డం రాకే అడ్డం రాకే అన్నాడమ్మా,” అన్నాను. “ఇప్పుడు అడ్డం రావడమే నా ఉద్యోగం.”

ఆమె పడీపడీ నవ్వింది. ఆయన నవ్వాడో లేదో తెలియదు.

అసలు ఉద్యోగం ఒకటి ఉండేది. కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములు సరిచేసేదాన్ని. వచ్చినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి, చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో, ముక్కు మీద ఎటు ఒరుగుతోందో చూసి వంచేదాన్ని. ఆ పని చేసేటప్పుడు మనం వాళ్ల ముఖం చూస్తాం, వాళ్లకి చూడటానికి మన ముఖం తప్ప ఇంకోటి ఉండదు. అందుకే కంటి కింద నలుపెక్కి వచ్చిన రోజుల్లో దాచుకోవడానికి చోటుండేది కాదు. “అలమర తలుపు తగిలింది,” అనేదాన్ని. “కళ్లద్దాలు అమ్మేదానికి తలుపు కనపడలేదా?” అని ఓనరు పెద్దగా నవ్వేవాడు. నవ్వడం అయ్యాక, “ఈ వారం లోపలి గదిలో కూర్చుని అద్దాలు తుడువు. కస్టమర్లు ఇబ్బంది పడతారు,” అనేవాడు. ఇబ్బంది కస్టమర్లకి.

ఆ నలుపు నిద్రలో ఆయన చెయ్యి విసిరితే వచ్చింది. ఒకసారి కాదు. నిద్రలో అరిచేవాడు, తన్నేవాడు, పిడికిలి బిగించి గాల్లో గుద్దేవాడు. ఆ గాల్లో నేనుండేదాన్ని. లేపితే బిత్తరపోయి చూసేవాడు. “కుక్క తరిమింది,” అనేవాడు, లేదా “ఎవడో మీదికొచ్చాడు.” నేను నమ్మలేదు. మెలకువలో మనిషి వెయ్యి అబద్ధాలు ఆడొచ్చు, నిద్రలో ఒక్కటి ఆడలేడని నా నమ్మకం. పగలు నొక్కిపెట్టిందేదో అప్పుడు బయటికొస్తోంది. ఆ కుక్కని నేనే. మరి నేను ఆయన్ని ఏం చేశాను? గిన్నెలు తోముతూ, బస్సులో నిలబడి, ఎవరి చెవి వెనకో స్క్రూ బిగిస్తూ అదే వెతుక్కునేదాన్ని. పెళ్లిచూపుల్లో తలెత్తి మాట్లాడానని కోపమా? నేనంటే అసహ్యమా? పిల్లలు పుట్టనందుకా? దొరికిన ప్రతి తప్పునీ తీసుకొచ్చి ఆ పిడికిలి కింద పెట్టి సరిపోతుందేమో చూసేదాన్ని. ఏదీ పూర్తిగా సరిపోయేది కాదు, ఏదీ పూర్తిగా కాదనిపించేది కాదు. మంచం చివరికి, ఆ తర్వాత చాప మీదికి జరిగాను. మా అత్తగారు చూసి, “మొగుడికి దూరంగా పడుకుంటే మొగుడు దూరం కాక ఏమవుతాడు?” అంది.

మెలకువలో కొట్టింది ఒక్కసారే. ఒక సెలవు రోజు, మధ్యాహ్నం, వంటింట్లో. పొయ్యి మీద కూర ఉంది. హాల్లో ఆడపడుచు తన కొడుక్కి అన్నం తినిపిస్తోంది. ఆయన తువ్వాలు కోసం మూడోసారి కేకేశాడు. “నాకూ రెండే చేతులు,” అన్నాను నేను, మామూలుగానే. ఆయన లోపలికి వచ్చాడు. పొయ్యి చూశాడు, మంట తగ్గించాడు, అప్పుడు కొట్టాడు. చెయ్యి కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. ఆడపడుచు తర్వాత వచ్చి నీళ్లిచ్చి, “మా అన్నయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుంది వదినా, మనసు వెన్న,” అంది. ఆ దెబ్బని నేను పెద్దగా పట్టించుకోలేదు. ప్రమోషన్ రాలేదు, ఎండలో తిరిగొచ్చాడు, ఒక్కసారేగా అనుకున్నాను. నా లెక్కలో అసలు దెబ్బలు నిద్రలోవి.

డాక్టరు దగ్గరికి వెళ్లింది చెయ్యి వణుకుతోందని. ఆమె చెయ్యి కాసేపే చూసింది. తర్వాత ఎక్కడెక్కడివో అడగడం మొదలుపెట్టింది. వాసన తెలుస్తోందా? ఆయన ఆలోచించి, లేదన్నాడు, ఎన్నేళ్ల నుంచో లేదన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నేళ్ల నుంచో “నీ వంటకి వాసనా లేదు పాడూ లేదు” అని కంచం నెట్టేవాడు. నేను పోపు మార్చి, నూనె మార్చి, చివరికి నా చేతినే అనుమానించాను. డాక్టరు నా వైపు తిరిగింది.

“నిద్రలో చేతులూ కాళ్లూ విసురుతారా? అరవడం, కొట్టడం?”

బయటి మనిషి ఒకరు నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. “అవునండీ,” అన్నాను. ఆమె తల ఊపి, కాగితం మీద మెదడు బొమ్మ గీసింది. మనం కలలో పరిగెత్తినా కాళ్లు కదలవు, ఎందుకంటే మెదడు అడుగున ఒక చోటు ఆ వేళప్పుడు ఒంటికి గొళ్లెం పెడుతుందట. ఈయనకి ఆ గొళ్లెం ముందే ఊడిపోయింది. రోగం కింద నుంచి మెల్లగా పైకి పాకింది. మెదడు మధ్యలో నల్లటి కణాలు కొన్ని ఉంటాయి, కదలికకి కావలసిన రసాయనం అవి తయారుచేస్తాయి. చెయ్యి వణికే వేళకి వాటిలో సగానికి పైగా చచ్చిపోయి ఉంటాయి. “చేతికి వచ్చేముందు చాలామందిలో నిద్రలోనే మొదలవుతుంది,” అంది. “అది ఆయన చేసింది కాదమ్మా. మీ మీద కోపం కాదు.”

ఓదార్పుగానే అంది. నేను ఆ బొమ్మ వంక చూస్తూ కూర్చున్నాను. పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క అది. నేను కట్టుకున్న ఇల్లంతా ఆ చుక్క మీద ఉంది. ఆయన నన్ను ద్వేషిస్తున్నాడనుకుని నేను ముడుచుకున్నాను, నోరు తగ్గించాను, నవ్వు తగ్గించాను, అద్దంలో చూసుకోవడం మానేశాను. అక్కడ ద్వేషం లేదు. నిజంగానే కుక్క తరిమింది. అంటే ఇన్నేళ్లూ నేను ఎవరికి భయపడి బతికాను?

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, మాతో పాటు డాక్టరు దగ్గరికి వచ్చిన ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. “చూశావా వదినా! పాపం, అన్నయ్యకి అప్పట్నుంచే జబ్బు. నువ్వేమో అన్నీ మనసులో పెట్టుకుని కుమిలిపోయావు. ఆ వంటింటి సంగతి కూడా అంతే అయ్యుంటుంది.”

“అది నిద్రలో కాదుగా,” అన్నాను.

“మెదడే పాడైతే నిద్రేంటి, మెలకువేంటి! అంతేగా అన్నయ్యా?”

ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. “అంతే,” అన్నాడు. అప్పటికింకా గొంతు బాగానే ఉంది.

వారం తిరక్కుండా బంధువులందరికీ తెలిసింది. ఫోన్లు చేసిన ప్రతివాళ్లూ “పాపం” అన్నారు. ఆయన కోపం జబ్బు, కంచం నెట్టడం జబ్బు, మా అమ్మ పోయినప్పుడు రాకపోవడం కూడా జబ్బులో కలిసింది. “నువ్వు ఉద్యోగం మానేస్తేనే మంచిది వదినా, బయటి మనిషికి అన్నయ్య సంగతులు ఏం తెలుస్తాయి?” అని ఆడపడుచు అంటే మానేశాను. చాకిరీకి నేను ఏడవలేదు, అది ఎప్పుడూ ఉన్నదే. తడిపిన పక్క తీయడం, మందు గొంతు దిగిందో లేదో చూడటం, మెతుకు అడ్డం పడితే వీపు నిమరడం, అన్నీ చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. నన్ను తినేస్తున్నది ఆ ఒక్క దెబ్బ. నిద్రలో దెబ్బలన్నీ ఎవరివీ కాకుండా పోయాక, ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనంతట తాను నాకిచ్చింది అదొక్కటే మిగిలింది. మంట తగ్గించి మరీ కొట్టాడు. అది జబ్బు కాదు. అవునని ఆయన ఒక్కసారి ఒప్పుకుంటే, నా బతుకులో ఒక్కటైనా నిజంగా నాకే జరిగిందని నమ్మగలను. గొంతు రోజురోజుకీ లోపలికి పోతోంది. మాటలు తడుముకుంటున్నాడు. ఇంకొన్నాళ్లకి అడగడానికి మనిషి ఉండడు.

ఆ పొద్దున పై గుండీ వదిలేశాక లేచాడు. బాత్రూముకి తొందర. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. నేను ఎప్పటిలాగే ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

“కాలు,” అన్నాడు.

“ఒక మాట అడుగుతాను, చెప్పండి. ఆ రోజు వంటింట్లో నన్ను కొట్టినప్పుడు మెలకువగానే ఉన్నారు కదా?”

ఆయన మోకాళ్లు సన్నగా వణుకుతున్నాయి. “కాలు పెట్టు.”

“పెడతాను. చెప్పండి.”

“గుర్తు... లేదు.”

“పొయ్యి తగ్గించారు. అది గుర్తుందా?”

రెప్పలు పడలేదు. ఆ ముఖం వెనక వెతుకులాట ఉందో, సిగ్గు ఉందో, ఖాళీయే ఉందో నాకు అందలేదు. చాలాసేపటికి పెదాలు కదిలాయి. నేను చెవి దగ్గరగా పెట్టాను.

“జబ్బు... అన్నారుగా,” అన్నాడు.

నా పాదం నా కిందే ఉంది. ముందుకు జరపడానికి ఒక క్షణం పట్టదు. ఆయన కళ్లు నేల మీదే ఉన్నాయి, నా పాదం రావలసిన చోట. నేను చూస్తూ నిలబడ్డాను. “ఏమే,” అన్నాడు ఒకసారి. ఆ తర్వాత పంచె ముందు భాగం నల్లబడింది, తడి కాళ్ల మీదుగా పాకి గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు పెట్టాను కాలు. దాటాడు.

కడిగాను, పొడి పంచె కట్టాను, మోకాళ్ల మీద కూర్చుని నేల తుడిచాను. శిక్ష వేసిందీ నేనే, తుడిచిందీ నేనే. గెలిచినట్టు ఉంటుందనుకున్నాను కాబోలు. గుడ్డ పిండుతుంటే చేతులు చల్లగా ఉన్నాయి, అంతే.

మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది, రెండు వీధుల అవతలే ఇల్లు. తీగ మీద పంచె చూసి ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. లేచి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

“కాలు పెట్టలేదంటున్నాడు. అన్నయ్య మాటకేంలే వదినా, ఏదో పరధ్యానంలో ఉండుంటావు. నిద్రా తిండీ లేకుండా ఒంటిచేత్తో ఇంత చాకిరీ చేస్తుంటే ఎవరికైనా మతి పోతుంది. నిద్రమత్తులో చూసుకుని ఉండవు. కావాలని చేస్తావా ఎక్కడైనా? పాపం.”

పాపం అన్న ఆ మాట నా కోసం ఆ ఇంట్లో అదే మొదటిసారి వినడం. తల ఊపితే చాలు, ఆయన్ని తీసుకెళ్లినట్టే అందరూ కలిసి నన్ను కూడా అవతలికి తీసుకెళ్లిపోతారు. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యరు, అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. నాకు నిజంగానే నిద్ర ముంచుకొస్తోంది. కుర్చీలోంచి ఆయన మా వైపే చూస్తున్నాడు.

“నిద్రమత్తు కాదు,” అన్నాను, ఆయనకి వినిపించేలా. “మెలకువగానే ఉన్నాను. ఆయన అడిగింది విన్నాను, ఆయన కాళ్లు చూశాను, చూస్తూనే నిలబడ్డాను. కావాలనే చేశాను.”