నా పొట్టలో పసుపు

నేను ఒక రేడియేటర్‌ని. పాత జీపు ముందు జాలీ వెనక నిలబడి, ఇంజను కక్కే వేడినంతా నీళ్లతో పాటు లోపలికి తీసుకుని, ఎదురుగాలికి చల్లార్చి, మళ్లీ ఇంజనుకే పంపడం నా ఉద్యోగం. పుట్టుకతో ఇత్తడిని. ప్లాస్టిక్ తలలతో వచ్చే ఈ కాలపు రేడియేటర్లను తక్కువ చేసి మాట్లాడను గానీ, వాటిని చూస్తే నాకు జాలేస్తుంది.

మొదట ఒక ప్రభుత్వ ఆఫీసు జీపులో కొలువు చేశాను. అక్కడ నాకు శుభ్రమైన నీళ్లు, వేళకు కూలెంటు. తరువాత వేలంలో ఒక కలప వ్యాపారి చేతికి వచ్చాను. ఆయన డ్రైవరు బోరు నీళ్లు, కాలవ నీళ్లు, ఏవి దొరికితే అవి పోశాడు. చివరికి గోకవరం పల్లాలరావు కొనుక్కున్నాడు. చేతులు మారిన కొద్దీ నాలో పోసే నీళ్ల నాణ్యత తగ్గింది, దసరాకి నాకు పెట్టే కుంకుమబొట్ల సంఖ్య పెరిగింది. మనుషులు అంతే. తిండి సరిగా పెట్టరు, దండం మాత్రం పెడతారు.

పల్లాలరావు మంచివాడే. అతని భార్య నూకరత్నం పెళ్లిళ్లకు వంట చేస్తుంది. ఆమె డేగిసాలు, గరిటెలు, సరుకులు మోసేది మా జీపే. ఒకరోజు నా కింది అతుకు దగ్గర చెమ్మ కనిపించింది. చెంచాడు పసుపు వేస్తే లీకు టక్కున ఆగుతుందని టీ బడ్డీ దగ్గర ఎవరో సలహా చెప్పారు. నిజం చెప్పాలి, మొదటిసారి ఆగింది కూడా. అదే కొంప ముంచింది. అప్పట్నించి పల్లాలరావు నీళ్లు పోసినప్పుడల్లా చిటికెడు పసుపు వేయడం మొదలుపెట్టాడు. ఆరేళ్లు అలా భక్తిగా వేశాడు. బోరు నీళ్ల సున్నం ఒకపక్క, పసుపు ముద్ద ఒకపక్క పేరుకుని నా సన్నటి గొట్టాలు పూడుకుపోయాయి. ఊపిరాడని నన్ను పట్టుకుని, ముసలిదైపోయిందన్నారు.

మొన్న మాఘమాసంలో మారేడుమిల్లి పెళ్లికి వెళుతూ ఘాట్‌రోడ్డు మూడో మలుపులో నేను మరిగిపోయాను. పల్లకీలో పెళ్లికొడుకు వచ్చేశాడు, వంటవాళ్లు రాలేదు. రెండు గంటలు ఆలస్యంగా విస్తళ్లు వేశారు. నూకరత్నం ఇరవై ఏళ్ల వంటలో ఎప్పుడూ పడని మాట పడింది. పెళ్లికూతురి మేనమామ గంగరాజు గారు పెద్దమనిషి, కేకలు వేయలేదు. రెండో మేనకోడలి పెళ్లికీ ఆమెనే పిలిచి, ఒక్క మాట అన్నారు.

"అమ్మా, మీ వంటకి వంక లేదు. ఈసారి పన్నెండింటికి విస్తరి పడాల. పడకపోతే ఇక ఈ కొండ మీద మిమ్మల్ని పిలిచేవోళ్లు ఉండరు."

పెళ్లికి నాలుగు రోజులు ఉంది. జీపుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. అతను నన్ను తట్టి చూసి, ఇది ఇక ఘాటు ఎక్కదు, ఇత్తడి కింద అమ్మేసుకోండి అన్నాడు. నాకు అంత పూజ చేసిన పల్లాలరావు సరేనని తల ఊపేశాడు. ఆ దిగులు నేను ఇప్పటికీ మరవలేదు.

ఇంటికి రాగానే పల్లాలరావు ఇంకో చిటికెడు వేసి చూద్దామని నా మూత మీద చెయ్యి వేశాడు. నూకరత్నం ఆ చేతిని పక్కకి తోసేసింది. ఆవిరి పోకుండా కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా అని అడిగింది. ఆ రాత్రికి నన్ను చల్లారనిచ్చి, తెల్లవారాక నా కింద పెద్ద బేసిన్ పెట్టి, అడుగున ఉన్న కుళాయి తానే తిప్పింది.

నాలోంచి వచ్చినదాన్ని నీళ్లు అనడానికి నాకే సిగ్గేసింది.

"మావా, ఇది పప్పుచారు," అంది నూకరత్నం. "నా వంటింట్లో పసుపు నెలనెలా ఎందుకు తరిగిపోతందో ఇప్పుడు తెలిసింది."

కోళ్లు ముట్టకుండా ఆ బేసిన్ మీద పళ్లెం బోర్లించి ఆమె లోపలికి వెళ్లింది. ఇత్తడి బిందెకి పట్టిన మకిలి చింతపండుతోనే కదా వదులుతుంది, ఇది మాత్రం ఇత్తడి కాదా అంది. అరకిలో చింతపండు నానబెట్టి, పిసికి, పాత పంచెలో మూడుసార్లు వడగట్టి నాలో పోసింది. అరగంట ఇంజను తిప్పించింది. చల్లారాక వదిలింది. మళ్లీ పోసింది, మళ్లీ వదిలింది. తరువాత మంచినీళ్లు, బిందె మీద బిందె. తొమ్మిదో బిందెకి పోసిన నీళ్లు పోసినట్టే తేటగా బయటికి వచ్చాయి. అబ్బ, ఎన్నేళ్లకు ఊపిరి తీసుకున్నాను!

అయితే పసుపు పోగానే పాత లీకు మళ్లీ బయటపడింది. పల్లాలరావు "నేను చెప్పలేదా" అన్నట్టు పెళ్లాం వైపు చూశాడు. నూకరత్నం నన్ను ఊడదీయించి, తన డేగిసాలకు మాట్లు వేసే మస్తాన్ ముందు పెట్టింది. మస్తాన్ ముప్పావుగంటలో అతుకు వేసి, నీళ్ల తొట్టిలో ముంచి చూపించాడు. ఒక్క బుడగ రాలేదు. బిగించాక కూలెంటు సగం, బ్యాటరీలో పోసే నీళ్లు సగం కలిపి, మూత తెరిచే ఉంచి, ఇంజను నడుస్తుండగా నింపారు. లోపలి గాలి బుడబుడమని పోయినకొద్దీ కొంచెం కొంచెం పోశారు.

పెళ్లిరోజు చీకటితోనే బయలుదేరాం. వెనక ఐదు డేగిసాలు, రెండు బస్తాల బియ్యం, నలుగురు వంటమనుషులు. మూడో మలుపు రాగానే పల్లాలరావు అలవాటుగా జీపు ఆపి, నీళ్ల డబ్బా పట్టుకుని దిగాడు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు. వేడిసూది చూశాడు, సగంలోనే ఉంది.

"ఎక్కు మావా," అంది నూకరత్నం, "టైమవుతంది."

ఎక్కేశాం. ఆ మలుపేమిటి, కొండంతా ఎక్కేశాను! ఒక్క చుక్క పోయించుకోలేదు.

పదకొండయింది. పులిహోర కలపబోతూ సంచీ వెతికితే పసుపు పొట్లం లేదు. వంటమనుషులు కంగారుపడ్డారు. నూకరత్నం మాత్రం నేరుగా జీపు దగ్గరికి వచ్చి మొగుడి ముందు చెయ్యి చాపింది. దారిలో అవసరం పడుతుందేమోనని దొంగిలించిన పొట్లాన్ని పల్లాలరావు తల వంచుకుని చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు.

"అక్కర్లేకపోయిందే," అన్నాడు మెల్లగా.

పన్నెండింటికి విస్తళ్లు పరిచారు. మొదటి వరసలో గంగరాజు గారు పులిహోర రెండోసారి అడిగి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఫాల్గుణంలో తమ్ముడి కొడుకు పెళ్లి ఉంది, ఇప్పుడే చెప్పేస్తున్నా, మళ్లీ మీరే రావాలి అన్నారు. నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ సరేనంది.

నేను వేపచెట్టు నీడన చల్లగా నిలబడి ఇదంతా చూశాను. నన్ను చంపబోయిన పసుపు, నన్ను బతికించిన చింతపండు ఒకే పులిహోరలో కలిసి, వరసలు వరసలుగా విస్తళ్లలోకి వెళుతున్నాయి.