ఎవరి వైపు చూడాలి

నల్ల గౌన్ల అంచులు మడిచి పిన్నులు పెడుతున్నాను. నోట్లో ఇంకా కొన్ని పిన్నులున్నాయి. అందుకని, వంటగది గుమ్మంలో నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న మా ఆయన క్లేటన్, "దానికేం, జో ఉందిగా" అన్నప్పుడు నేనేమీ అనలేకపోయాను. నోట్లో పిన్నులు లేకపోతే మాత్రం ఏమనేదాన్నో నాకే తెలీదు.

జో అంటే నేనే, జోలీన్ ఓస్బీని. ఏటా ఫిబ్రవరిలో మా ఊరి హైస్కూల్లో క్వయర్ ఉత్సవం, అంటే బృందగానాల పండగ, జరుగుతుంది. చుట్టుపక్కల స్కూళ్ళన్నీ బాగా పాడే పిల్లల్ని ఏరి పంపుతాయి. మిడిల్ స్కూల్ వాళ్ళది ఒక బృందం, హైస్కూల్ వాళ్ళది ఇంకోటి. శుక్రవారం సాయంత్రం వస్తారు, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో పడుకుంటారు, శనివారం పొద్దున్నుంచీ అతిథులుగా పిలిపించిన పేరున్న మాస్టర్ల దగ్గర సాధన చేసి సాయంత్రం అమ్మానాన్నల ముందు పాడతారు. ఉత్సవం నడిపేది హైస్కూల్ సంగీతం మాస్టారు క్లేటన్ ఓస్బీ. కరపత్రంలో అలాగే వేస్తారు. ఎవరింట్లో ఎవరు పడుకోవాలో చూడటం, ఏ పిల్లకి వేరుశనగ పడదో గుర్తుంచుకోవడం, పొడవైన గౌన్లు పొట్టి చేయడం, పాటల కాగితాలు ఫైళ్ళలో సర్దడం, ఇంటిమీద బెంగతో ఏడ్చేవాళ్ళని ఊరుకోబెట్టడం, ఇవన్నీ చేసే మనిషిని ఏమంటారో ఎక్కడా వెయ్యరు. అట్టడుగున 'పియానో: జోలీన్' అని మాత్రం ఉంటుంది. ఇంటిపేరు దేనికి, అందరికీ తెలిసిన మనిషేగా అంటాడు క్లేటన్.

మేమిద్దరం ఒకే కాలేజీలో ఒకే డిగ్రీ చదివాం. మా అమ్మ మోటెల్లో గదులు శుభ్రం చేసేది, నాన్న టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే. చివరి ఏడు మా కాలేజీ ఆడపిల్లల బృందాన్ని ముందు నిలబడి నడిపించిందీ నేనే. పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చేసరికి ఉద్యోగం ఒక్కటే ఉంది. అతను చేరాడు. "నువ్వు కాస్త పియానో దగ్గర సాయం పట్టు, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ 'తర్వాత' రాలేదు. స్కూల్లో మధ్యాహ్నం పూట భోజనాల గది చూసుకునే పని ఇచ్చారు నాకు. మిగతా పొద్దంతా క్లేటన్ క్లాసు పిల్లలకి పియానో. దానికి జీతం లేదు, భార్యని కదా.

ఈ ఏడు మాత్రం మిడిల్ స్కూల్ సంగీతం టీచరు మానేస్తోంది. ప్రిన్సిపాల్ నాడీన్ నన్ను వరండాలో ఆపి, "నీకు ఇష్టమైతే సోమవారంలోగా చెప్పు, జోలీన్. తర్వాత బయటివాళ్ళని పిలవాల్సి వస్తుంది" అంది. ఆ మాట ఇంటికి మోసుకొచ్చాను. క్లేటన్ రొట్టెకి వెన్న రాసుకుంటూ, "బాగానే ఉంది, మరి నా వాళ్ళకి ఎవరు వాయిస్తారు?" అన్నాడు. వాదించడానికి కాదు, నిజంగా తెలీకే అడిగాడు. మా అత్తగారు ఆర్డిస్ ఒకడుగు ముందుకేసింది. "ఇద్దరూ రెండు స్కూళ్ళల్లో ఉంటే ఇల్లేం కావాలి? వాడొక్కడూ ఎంతని మోస్తాడు" అంది. వాడు మోస్తున్నదేమిటో చూద్దామని ఇల్లంతా ఒకసారి కలయజూశాను. ఉత్సవానికి తెచ్చిన మంచినీళ్ళ సీసాల పెట్టెలు కారులోంచి దింపింది కూడా నేనే.

ఆ శుక్రవారం మా ఇంట్లో నలుగురు ఆడపిల్లలు పడుకున్నారు. పొద్దున లేచేసరికి కిటికీలో తెల్లటి తెర తప్ప ఏమీ కనబడలేదు. మంచుతుఫానుకి హైవే మీద బళ్ళు వెళ్ళకుండా గేట్లు మూసేశారు. హైస్కూల్ వాళ్ళ అతిథి ముందురోజే వచ్చి ఉన్నాడు. మిడిల్ స్కూల్ వాళ్ళకి రావలసినావిడ మాత్రం అవతలి ఊళ్ళో చిక్కుకుపోయింది.

"నేను నడిపిస్తాను" అన్నాను పాన్‌కేకులు తిరగేస్తూ. "పాటలన్నీ నాకు వచ్చు. నెలనుంచీ వాయిస్తున్నాను."

"మరి పియానో?"

"నువ్వు."

క్లేటన్ నవ్వి నా భుజం తట్టాడు. "నువ్వు పియానో దగ్గరుంటేనే నాకు ధైర్యం, జో." అది పొగడ్తే అని అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. నన్ను ఎక్కువగా విసిగించేది అదే. తిట్టాడనుకో, తిరిగి తిట్టొచ్చు. పొగిడినవాణ్ణి ఏం చేస్తాం? పాన్‌కేకు మాడింది. దాన్ని నా పళ్ళెంలోనే వేసుకున్నాను.

సాధన మొదలైంది. మిడిల్ స్కూల్ పిల్లల ముందు క్లేటనే నిలబడ్డాడు, పియానో దగ్గర నేను. మంచు కరిగి నదిలో కలవడం గురించిన పాట ఒకటుంది. ఆఖరి చరణం రెండుసార్లు వస్తుంది. రెండోసారి ముగింపు వేరు, ఆల్టో పిల్లలు, అంటే కింది స్వరం పాడేవాళ్ళు, ఎవరి తోడూ లేకుండా ముందుగా ఎత్తుకోవాలి. క్లేటన్ ఆ పేజీ ఎన్నడూ చూసి ఉండడు. రెండోసారి కూడా మొదటి ముగింపుకే చెయ్యి ఊపాడు. నేను అలవాటు ప్రకారం పియానో వెనకనుంచి ఆల్టోల వైపు తల ఊపాను. వాళ్ళు ఎత్తుకున్నారు. పాట గట్టెక్కింది. "చూశారా, నా మీద కళ్ళుంచితే ఎంత బాగా వస్తుందో" అన్నాడు క్లేటన్ పిల్లలతో. హైస్కూల్లో ఇన్నేళ్ళుగా జరిగేది ఇదే. అతను తప్పుతాడు, నేను తల ఊపుతాను, పిల్లలు దారిలో పడతారు, జనం అతనికి చప్పట్లు కొడతారు. పిల్లలు పడిపోకూడదనే కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. పిల్లల పేరు చెప్పి ఒక ఆడదానిచేత ఎంత పనైనా చేయించవచ్చు.

మధ్యాహ్నం ఓవెన్లో కాల్చిన బంగాళాదుంపల హాట్‌డిష్ వడ్డిస్తుంటే మారిబెల్ పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఏడో క్లాసు పిల్ల, ఆల్టో. రాత్రి మా ఇంట్లో పడుకున్న నలుగురిలో ఒకతె.

"మిసెస్ ఓస్బీ, ఒకటడగనా? మేం ఎవర్ని చూడాలి? ఆయన చేతినా, మీ తలనా?"

"ఎందుకలా అడిగావు?"

"రెండూ ఒకలా లేవు కదా. మా స్కూల్లో టీచరు ఒక్కళ్ళనే చూడమంటుంది. ఇద్దర్ని చూస్తుంటే ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తెలీడంలేదు."

పెద్దవాళ్ళెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. "ఆయన్నే చూడమ్మా" అన్నాను. దాని పళ్ళెంలో ఇంకో గరిటె వేశాను, అదే జవాబైనట్టు. అది నా మొహంకేసి కాసేపు చూసి వెళ్ళిపోయింది. నమ్మలేదు.

వేదిక మీద ఆఖరి సాధనకి వచ్చేసరికి నేనొక నిశ్చయానికి వచ్చాను. పిల్లకి ఏం చెప్పానో అదే చేస్తాను. తల ఊపను. కాగితం మీద ఉన్నది వాయిస్తాను, అంతే. ఆఖరి చరణం రెండోసారి వచ్చింది. క్లేటన్ చెయ్యి తప్పు దారిలో వెళ్ళింది. సగంమంది అతని వెంట పోయారు, సగంమంది నోళ్ళు తెరిచి ఆగిపోయారు. మారిబెల్ నా వైపు చూసి వెంటనే కళ్ళు తిప్పేసుకుంది.

క్లేటన్ చేతులు దించాడు. హాల్లో నాడీన్ కూర్చుని ఉంది. మా అత్తగారు స్వీట్ల పళ్ళేలు సర్దుతోంది. అందరికీ వినబడేట్టే అన్నాడు. "జో, నిద్రపోతున్నావా? ఇక్కడ పిల్లల్ని అందుకోవాల్సింది నువ్వు కదా. అది నీ పని."

నా చేతులు మీటల మీద అలాగే ఉన్నాయి. ఎంతకాలంగానో నేను బయటికి అనలేని మాట అతనే అనేశాడు, అందరి ముందూ. పియానో మూత వేసి లేచాను. కోపంగా కాదు, నడుము పట్టేసిన మనిషి లేచినట్టు లేచాను.

"అది నా పనైతే ముందు నిలబడే చేస్తాను. నువ్వు వాయించు."

అతను నవ్వబోయాడు. పిల్లలెవరూ నవ్వలేదు. నాడీన్ కాగితాలు పక్కన పెట్టింది. చేసేదిలేక వచ్చి పియానో దగ్గర కూర్చున్నాడు, కుర్చీ ఎత్తు సరిచేసుకుంటూ, గొణుక్కుంటూ.

సాయంత్రం దారులు తెరిచారు. బూట్ల మంచు దులుపుకుంటూ అమ్మానాన్నలు వచ్చి హాలు నింపారు. నేను పిన్నులు పెట్టిన నల్ల గౌన్లలో పిల్లలు వరసలు కట్టారు. చెయ్యి ఎత్తాను. కాలేజీ తర్వాత ఇదే మొదటిసారి. మారిబెల్ నా తలకేసి చూడలేదు, నా చేతిని చూసింది.

ఆఖరి చరణం రెండోసారి వచ్చినప్పుడు పియానో తప్పింది. ఒకటి రెండు మీటలు వెతుక్కుని ఆగిపోయింది. నా మెడ పాత అలవాటుకొద్దీ అటు తిరగబోయింది. తిప్పలేదు. ఆల్టోలకి చెయ్యి చూపించాను. ఎత్తుకున్నారు. తక్కిన పిల్లలు వాళ్ళ మీద వచ్చి కలిశారు. పియానో లేకుండానే పాట చివరిదాకా వెళ్ళి, నేను పిడికిలి మూసినచోట ఆగింది. హాల్లో అంతమంది ఒకేసారి ఊపిరి వదలడం నేనెప్పుడూ పియానో వెనకనుంచి వినలేదు.

తర్వాత తెరవెనక, క్లేటన్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే మా అత్తగారు, ఖాళీ పళ్ళెంతో. "పాపం, వాడు కంగారుపడ్డాడు" అంది ఆవిడ. క్లేటన్ కోప్పడలేదు, నొచ్చుకున్నాడు. "నా వైపు ఒక్కసారి తల ఊపితే పోయేది కదా, జో. నీకు తెలుసుగా నేనక్కడ తప్పుతానని."

"తెలుసు" అన్నాను. పక్కన బల్ల మీదున్న పిన్నుల డబ్బా తీసి అతని చేతిలో పెట్టాను. "గౌన్లు విప్పేటప్పుడు పిన్నులు జాగ్రత్తగా తీయించు, పిల్లలకి గుచ్చుకుంటాయి. వచ్చే ఏడు నీకు వాయించడానికి ఎవర్నైనా చూసుకో. నాడీన్ ఇంకా హాల్లోనే ఉంది, ఆ ఉద్యోగానికి సరేనని చెప్పేసి వస్తాను."