నిమ్మళాపురంలో రెండెకరాలు

మా ఆయన జయప్రకాశ్ పదకొండేళ్లు కష్టపడి ఒక నవల రాశారు. పేరు 'నిమ్మళాపురం'. అందులో ఒక ఊరుంటుంది. ఆ ఊళ్లో ఆకలి లేదు, కొట్లాట లేదు, కరెంటు పోదు. ఎవరికీ ఏ లోటూ లేదు. అదే ఆ ఊళ్లో భయంకరమైన సంగతి అంటారాయన. చదివేవాళ్లకు మొదట ఆశ పుట్టాలట, మధ్యలో అనుమానం రావాలట, చివరికి ఒళ్లు జలదరించాలట. నేను మొదటిదాని దగ్గరే ఆగిపోయాను. ఆ మాట ఆయనతో అనలేదు.

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే రోడ్డు దిగి అడవిలోకి తిరిగితే ఇప్పలగూడెం వస్తుంది. అక్కడి జూనియర్ కాలేజీలో ఆయన తెలుగు లెక్చరరు. 2008 ఎండాకాలంలో ఖమ్మంలోని ఒక సాహిత్య సంఘం ఆ ఏటి ఉత్తమ నవల కోసం వెతుకుతూ కొత్త నిబంధన పెట్టింది. పండితులు మెచ్చుకుంటే చాలదు, మామూలు జనం ఆ నవల గురించి ఏమంటున్నారో సంఘం మనిషి స్వయంగా వచ్చి వినాలి. మా వారి నవల ఆఖరి మూడింటిలో నిలిచిందని కార్డు వచ్చింది.

"ఇదీ పోయిందనుకో, ఇక కలం ముట్టను శ్యామలా" అన్నారాయన కార్డు చేత్తో పట్టుకుని. "హాయిగా ఇంటిపని చూసుకుంటాను."

నవల మొత్తంలో జలదరించని నా ఒళ్లు అప్పుడు జలదరించింది. ఆరో అధ్యాయానికీ ఏడో అధ్యాయానికీ మధ్య ఆయన ఒకసారి రెండు నెలలు రాయడం మానేశారు. ఆ రెండు నెలల్లో నా వంటింటి డబ్బాలన్నీ అకారాది క్రమంలో సర్దారు. ఆవాలు, ఇంగువ, ఉప్పు, కారం. నూనె కాగుతుంటే నేను జీలకర్ర కోసం తడుముకునేదాన్ని, వసారాలోంచి ఆయన "చ వర్గంలో చూడు" అనేవారు. చక్కెర డబ్బా మాత్రం ఎంతకీ దొరకలేదు. కల్లూరు మనిషి కదా, పంచదార అని 'ప'లో పెట్టారు. మా తిరుమలాయపాలెంలో అది 'చ'. కాబట్టి ఈ నవల నెగ్గడం ఆయనకన్నా నాకే ఎక్కువ అవసరం.

చిక్కల్లా పాఠకులతోనే. మా ఊళ్లో చదువొచ్చినవాళ్లు పరీక్షలవగానే చదవడం మానేసినవాళ్లు. మిగిలినవాళ్లకు చదువు రాదు. అయితే చెవులున్నాయి. అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. ఆడవాళ్లు తెల్లవారకముందే అడవికి వెళ్లి ఆకు కోసుకొచ్చి, పొద్దెక్కాక మా వసారా నీడలో కూర్చుని కట్టలు కట్టేవాళ్లు. చేతులకు పనుంది, చెవులకు లేదు. ఆయన పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లగానే నేను కుర్చీ వేసుకుని నవల విప్పాను.

మొదటి అధ్యాయంలో నిమ్మళాపురం ప్రజలు సొంతంగా వండుకునే హక్కు కోల్పోతారు. రోజుకు మూడుసార్లు గంట కొడితే సర్కారు వంటశాల నుంచి అన్నం వస్తుంది.

"హక్కు కోల్పోవుడంటే?" అంది దుర్గ. కాలేజీ వెనక వీధి అమ్మాయి, పెళ్లయి రెండేళ్లు, అత్తగారితో కాపురం.

"వండొద్దంటారు."

"గట్ల అనేటోళ్లు ఉంటరా లోకంల!" అని అది ఆకు వదిలేసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

రెండో అధ్యాయంలో ప్రతి మంగళవారం డాక్టరు ఇంటికొచ్చి, మనసులో ఏమనుకుంటున్నారో అడిగి రాసుకుంటాడు. "దవాఖానా ఇంటికొస్తదా?" అంది ముత్తక్క. "అడుగుతడా మనసుల ఏమున్నదో? మా మొగడు పోతయ్య గియ్యాల్టిదాంక అడగలే."

మూడో అధ్యాయం మొత్తం ఆ ఊరివాళ్లు మణికట్టుకు కట్టుకునే 'పట్టా' గురించి. తోలు ఎలా నానబెడతారు, ఎన్ని కుట్లు వేస్తారు, బకిలు ఎలా బిగుస్తుంది, పదకొండు పేజీలు. రెండు పేజీలు మనసులో చదువుకున్నాను, నాకే కునుకొచ్చింది. దాటేసి నాలుగో అధ్యాయానికి వెళ్లాను.

"నిమ్మళాపురంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఏడోనాడు సర్కారు పట్టా ఇస్తుంది. చచ్చేదాకా ఆ పట్టా ఆ మనిషిదే. దాన్ని తీసేసే అధికారం ఎవరికీ లేదు."

ఆకు గలగల ఆగిపోయింది.

"ఏందీ?" అంది ముత్తక్క. "మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"ఆడపిల్లకు గూడ ఇస్తరా?"

"ప్రతి బిడ్డకూ అని ఉంది."

ముత్తక్క, ఆమె పెనిమిటి పోతయ్య వాగు అవతల రెండెకరాలు పోడు కొట్టుకుని దున్నుతున్నారు. ఏటా విత్తనం వేసే వేళకు ఫారెస్టోళ్లు వచ్చి ఇది మీది కాదంటారు. ఆ ఏడు పోడు భూములకు పట్టాలిస్తారని ఊళ్లో ఒకటే మాట. అలాంటి ఊళ్లో కూర్చుని ఆ ముక్క పైకి చదివాను. ముత్తక్క ఏ పట్టా అనుకుంటోందో నాకు వెంటనే అర్థమైంది. చెబుదామని నోరు తెరిచాను. ఎనిమిది మంది ఆడవాళ్లు కళ్లార్పకుండా నన్ను చూస్తున్నారు. మా ఆయన రాసిన దేన్నీ ఎవరూ ఇంత శ్రద్ధగా వినగా నేను చూడలేదు. నోరు మూసుకుని పేజీ తిప్పాను.

మర్నాటి నుంచి వసారా చాలలేదు. మగవాళ్లు కూడా వచ్చారు. పోతయ్య స్తంభానికి ఆనుకుని వినేవాడు. ఆఖరి అధ్యాయంలో కథానాయకుడు విమలుడికి జ్ఞానోదయమవుతుంది. "విమలుడు తన పట్టాను కత్తిరించి మంటలో పడేసి, ఊరు విడిచి వెళ్లిపోయాడు" అని చదివాను.

"అయ్యో! అయ్యో!" అని ముత్తక్క నెత్తి కొట్టుకుంది. "పట్టా కాలవెట్టిండా! వీనికేం మాయరోగమొచ్చిందే!"

"తాగిండా ఏంది?" అన్నాడు పోతయ్య.

"తాగలేదు. నిమ్మళాపురంలో సారా లేదు."

"ఏమీ తాగకుంటనే కాలవెట్టిండా?" పోతయ్యకు అది ఇంకా ఘోరంగా తోచింది.

"పెండ్లాం ఏం జేస్తుంది? ఇంట్ల చీపురు లేదా?" అందొకామె.

"ఉండది. ఆడ ఊడ్చేది గూడ సర్కారే" అంది దుర్గ. నవల దానికి నోటికొచ్చేసింది.

ముత్తక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లేచిపోయింది. సాయంత్రం మా ఆయనకు, "చివర్లో ఏడ్చారండీ" అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఆ రాత్రి ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఆదివారం సంఘం తరఫున నిర్మలాదేవి గారు వచ్చారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్, చేతిలో నోటుబుక్కు, కళ్లద్దాల మీదుగా చూపు. జనమంతా వసారాలో కూర్చున్నారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆవిడ పక్కన నిలబడ్డారు.

"నవల విన్నాక ఏమనిపించిందమ్మా?" అని ఆవిడ దుర్గను అడిగారు.

"మూడు పూటలా వండి పంపిస్తరంట మేడం. ఆడికి బస్సు పాల్వంచల ఎక్కాల్నా, కొత్తగూడెం పోవాల్నా?"

"వ్యంగ్యం" అని మా ఆయన గబగబా నవ్వారు. "వ్యంగ్యం బాగా పట్టుకున్నారు."

ఆవిడ ముత్తక్క వైపు తిరిగారు. "మీకు భయం వేయలేదా?"

"ఎందుకెయ్యదు? ఆ పిలగాడు పట్టా కాలవెట్టినప్పుడు నాకు కాళ్లు వణికినయ్."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా మేడం! సరిగ్గా అక్కడే వణకాలి."

"అది గాదు సారూ" అంది ముత్తక్క, "కాలవెట్టేటోడు ముందుగాల జిరాక్సన్న తీపిచ్చుకోవద్దా?"

"జిరాక్సా?"

"ఎన్నెకరాలది సారూ అది?" అన్నాడు పోతయ్య స్తంభం దగ్గర్నుంచి. "వానికి వద్దంటే ఇంకొకల పేరు మీద ఎక్కిస్తరా?"

మా ఆయన నా వైపు చూశారు. నేను తునికాకు వైపు చూశాను. ఆ ఆకు మీద ఈనెలు ఎంత చక్కగా ఉంటాయో అప్పుడే గమనించాను.

"పొలం పట్టా కాదయ్యా!" ఆయన గొంతు పెరిగింది. "చేతికి కట్టే పట్టా! తోలు పట్టా! మూడో అధ్యాయంలో పదకొండు పేజీలు రాశాను!"

"మూడోది శ్యామలమ్మ సదవలే" అంది దుర్గ. రోజూ నా చేతి మజ్జిగ తాగిన మనిషి.

నిర్మలాదేవి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగారు. మా ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి, మణికట్టు చూపించి, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పారు. "ఇదిగో, ఇక్కడ బిగిస్తారు. ఇక ఊడదు. నువ్వెక్కడున్నావో, ఏం చేస్తున్నావో, ప్రతి నిమిషం సర్కారుకు తెలిసిపోతుంది. ఇప్పుడు చెప్పు, భయంగా లేదూ?"

పోతయ్య తన మణికట్టు వైపు చూసుకున్నాడు. "ఏడున్నదీ సర్కారుకు తెలుస్తదా?"

"తెలుస్తుంది!"

"రాసుకుంటరా?"

"రాసుకుంటారు! పుట్టినప్పట్నుంచీ!"

"ఇరవై ఏండ్లసంది గా వాగు అవతల దున్నుతున్న సారూ. నువ్వు ఈడ ఎన్నడూ లేవు, ఉన్నట్టు కాయిదం సూపియ్ అంటున్నరు. గా తోలు పట్టా కట్టుంటే నేను ఆడ ఉన్నట్టు ఎక్కేది గద."

మా ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకోవడం కూడా మరిచిపోయారు.

"కుడిచేతికి కడ్తరా, ఎడమచేతికా?" అని అడిగింది ముత్తక్క. "కుడిచేతికైతే కొడవలికి అడ్డమొస్తది."

నిర్మలాదేవి గారు అదంతా రాసుకున్నారు. వెళ్లేముందు గేటు దగ్గర, "నేను విన్నది విన్నట్టే చెప్పాలి జయప్రకాశ్ గారూ. ఒక్కరు కూడా ఆ ఊరికి భయపడలేదు" అన్నారు. మా ఆయన తల ఊపారు.

పది రోజులకు కార్డు వచ్చింది. వేరే నవల ఎంపికైంది. ఆయన కార్డు చదివి జేబులో పెట్టుకున్నారు. రాత బల్ల మీద కాగితాలు సర్ది, కలానికి మూత పెట్టి, తిన్నగా వంటింట్లోకి వచ్చారు.

"మూడో అధ్యాయం ఎందుకు దాటేశావు?"

"నిద్రొచ్చింది" అన్నాను. దాచడానికి ఇంకేం మిగిలింది?

కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆయన నా ముందు నుంచి కత్తిపీట లాక్కుని కింద కూర్చుని, "ఈ వంకాయలన్నీ ఒకే కొలతలో ఎందుకు తరగవు నువ్వు?" అన్నారు. నాకు ఎదురుగా రిటైర్మెంటు దాకా ఉన్న పద్నాలుగేళ్లు కనిపించాయి.

సరిగ్గా అప్పుడు, "సారూ, ఉన్నరా?" అని బయట పోతయ్య పిలుపు. ముత్తక్క కూడా వచ్చింది. మా ఆయన వంకాయ చేత్తో పట్టుకునే వసారాలోకి వెళ్లారు. ఆయన వెనకే నేనూ.

"ఆ పిలగాడు ఊరిడిసి పోయిండు గద సారూ" అంది ముత్తక్క. "ఆని జాగ ఖాళీగనే ఉన్నది గద?"

"ఏ జాగా?"

"నిమ్మళాపురంల. అది మాకు రాయుండ్రి."

"అది నవల ముత్తక్కా. నేను కల్పించింది. అక్కడ ఊరూ లేదు, భూమీ లేదు. ఉత్తదే."

"ఉత్తదని మాకు ఎరుకనే. ఉత్తదాంట్ల రెండెకరాలు రాస్తే మీకేం పోతది?" అంది ముత్తక్క. "గియ్యాల్టిదాంక ఉత్తదాంట్ల గూడ మాకు ఎవ్వలు రాయలే."

మా ఆయన చేతిలోని వంకాయను అటూ ఇటూ తిప్పారు. "రెండో భాగం రాయాలి అయితే" అన్నారు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "అందులోకి మీరు వలస రావాలి. ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకొచ్చారు, అన్నీ చెప్పాలి."

"చెప్తం. మాకేం పని? ఆకు కాలం అయిపాయె."

ఆయన ఇంకా ఏదో సందేహిస్తున్నారు. నేను ముందుకెళ్లి వంకాయ లాక్కుని, కలం మూత తీసి చేతిలో పెట్టి, కుర్చీ జరిపాను. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన రచనకు నేను చేసిన అతి పెద్ద సాయం అది.

ఆయన కూర్చున్నారు. కాగితం సరిచేసుకున్నారు. "హద్దులు చెప్పు పోతయ్యా."

"తూర్పున వాగు. పడమట నల్లబండ. దక్షిణాన మా తమ్ముని సాళ్లు."

"మీ తమ్ముడు కూడా వస్తాడా?"

"వాణ్ని ఇడిసిపెట్టి మేమెట్ల వస్తం?"

అంతలో గేటు దగ్గర దుర్గ. "నాకు పొలం వద్దు సారూ. గా వంటశాల పక్కపొంటి ఇల్లు సాలు. మా అత్తకు ఊరి ఇంకో కొసకు ఇయ్యుండ్రి."

ఆయన అదీ రాసుకున్నారు. లోపల నేను వంకాయలు నాకిష్టమైన కొలతల్లో తరుక్కుంటున్నాను. వసారాలోంచి ముత్తక్క గొంతు వినిపించింది. "ఏదీ సారూ, రాసింది సదువు."

"'పోతయ్య పొలం వాగుకు ఇవతల ఒడ్డున, లేత ఎండలో...'"

"ఇవతల గాదు, అవతల. ఇవతల సర్పంచుది."

"వాక్యం లయ దెబ్బతింటుంది ముత్తక్కా."

"వాగు ఏడున్నదో గాడనే ఉంటది సారూ."

ఆయన ఆ వాక్యం కొట్టేసిన గీత చప్పుడు పొయ్యి దగ్గరికి కూడా వినిపించింది.